త్రీ, టూ, త్రీ... సిక్స్

"త్రీ, టూ, త్రీ. ఇటు తిరగండమ్మా. త్రీ, త్రీ... సిక్స్."

సిక్స్ అన్నప్పుడు ఆ అమ్మాయి గొంతు ఏమీ మారలేదు. పక్కన కూర్చుని రాసుకుంటున్న విద్యార్థి తలెత్తలేదు. చార్టులో ఎర్ర పెన్నుతో ఆరు వేసి తర్వాతి గడికి వెళ్లిపోయాడు. కుర్చీలో వెనక్కి వాలి, లైటు కళ్లలో పడుతుంటే రెప్పలు బిగించుకున్న మా అమ్మకి మాత్రం ఆ అంకె చెవిలో పడింది. నోట్లోంచి చెయ్యి తియ్యగానే అడిగింది.

"ఏం లెక్కలు తల్లీ అవి? అన్నీ మూళ్లు చెప్పి ఒక్కసారిగా ఆరన్నావ్?"

"పంటికీ చిగురుకీ మధ్య లోతు కొలుస్తున్నానమ్మా. మూడు మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు. ఇక్కడ ఆరు దిగింది."

"నాకక్కడ నొప్పేం లేదే."

"ఉండదమ్మా. నొప్పుంటే ఎప్పుడో వచ్చేవారు."

మేం వెళ్లింది క్లీనింగ్‌కి. ఆ డెంటల్ కాలేజీ చిగుళ్ల విభాగంలో అప్పటికి నలభై నిమిషాలు గడిచాయి. గార తీసే మిషను ఇంకా స్టాండు మీద నుంచి దిగనే లేదు. అంతకుముందు ఏడెనిమిదేళ్లుగా అమ్మని ఇంటికి దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లేవాళ్లం. ఏడాదికోసారి, పావుగంటలో పనైపోయేది. పళ్లు మెరిసేవి, మేం తృప్తిగా ఇంటికొచ్చేవాళ్లం. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె చిగుళ్ల లోతు ఎవరూ కొలవలేదు, ఒక్క అంకె రాసిపెట్టలేదు. ఆ ఆరు ఎప్పుడు మొదలైందో, నాలుగుగా ఉన్నప్పుడే పట్టుకుంటే ఏమయ్యేదో చెప్పడానికి మా దగ్గర చిన్న కాగితం ముక్క కూడా లేదు. ఈ వ్యాసం రాయించింది ఆ లేని కాగితమే.

కొత్తగా వచ్చిన మనిషి నోటిని శుభ్రం చేయడానికి ముందు చదవాలి. ఈ చదవడాన్ని ఒక ప్రత్యేకమైన పనిగా నేర్చుకున్నవాళ్లు డెంటల్ హైజీనిస్టులు. మన దగ్గర వాళ్లు తక్కువ. చాలాచోట్ల డాక్టరే ఈ పని చేస్తారు, లేదా ఎవరూ చేయరు. అమ్మని చూసిన అమ్మాయి హైజీనిస్టు. ఆమె పని చేసిన వరసలోనే చెబుతాను.

మొదటి పావుగంట అంతా మాటలే. "ఏం ఇబ్బందమ్మా?" అని అడిగి, అమ్మ చెప్పింది చెప్పినట్టే రాసుకుంది: చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది, పొద్దున ఉమ్మితే ఎర్రగా వస్తోంది. రోగి మాటల్ని డాక్టరు భాషలోకి మార్చకుండా రాయడం ఇక్కడ నియమం. "జివ్వుమనడం"లో చిగురు దిగి వేరు బయటపడిందన్న సూచన ఉంది. అదే పన్ను "పోటు పెడుతోంది, రాత్రి పడుకోనివ్వడం లేదు" అని ఉంటే ఆలోచన లోపలి నరం వైపు వెళ్లేది.

తర్వాత మందులు.

"బీపీ ఉందామ్మా?"

"ఉంది. పొద్దున్నే ఒక మాత్ర."

"ఏ మాత్ర?"

"చిన్నది. తెల్లగా ఉంటుంది."

తమ్ముడికి ఫోన్ చేసి, ఇంట్లో ఉన్న స్ట్రిప్‌ని ఫొటో తీయించి వాట్సాప్‌లో తెప్పించాం. అమ్లోడిపిన్. ఆ పేరు చదివీ చదవగానే ఆమె అమ్మ పై పెదవి ఎత్తి ముందుపళ్ల సందుల్లో చిగురు చూసింది. పళ్ల మధ్య చిగురు త్రికోణంగా, సన్నగా ఉండాలి. అమ్మకి అది కాస్త ఉబ్బి, గుండ్రంగా మొటిమలా ఉంది. రక్తపోటుకి మన దేశంలో లక్షలాది మంది వాడే ఈ మందు కొందరిలో చిగుళ్లు పెరిగేలా చేస్తుంది. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ కూడా అంతే. చిగురులో కొల్లాజెన్ పోగులు ఎప్పుడూ కొత్తగా పుడుతూ, పాతవి కరుగుతూ ఉంటాయి. ఈ మందులు ఆ కరిగే పనిని నెమ్మదింపజేస్తాయి. పోగులు పేరుకుంటాయి. పాచి కూడా తోడైతే ఉబ్బు ఎక్కువవుతుంది. ఉబ్బిన చిగురు కింద పాచి తీయడం ఇంకా కష్టమవుతుంది. అలాగని మాత్ర మనంతట మనం మానేయకూడదు. మార్చాల్సిన అవసరముంటే బీపీ చూసే డాక్టరుకి చీటీ రాస్తారు.

గుండె కవాటం గురించి కూడా అడిగింది. కవాటం మార్పించుకున్నారా? ఎప్పుడైనా గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్ వచ్చిందా? ఈ ప్రశ్న పరికరం చేతిలోకి తీసుకోకముందే అడగాలి. వాచిన చిగురుని కొలబద్దతో తాకినా నోట్లోని బ్యాక్టీరియా కాసేపు రక్తంలోకి వెళ్తుంది. ఆరోగ్యవంతుడి శరీరం దాన్ని నిమిషాల్లో ఏరేస్తుంది. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లలో అది కవాటం మీద స్థిరపడి ప్రాణం మీదికి తేగలదు. అందుకే అలాంటి కొద్దిమందికి అరగంట, గంట ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. పెనిసిలిన్ పడని వాళ్లు కాకపోతే మామూలుగా 2 గ్రాముల అమాక్సిసిలిన్, ఒకే మోతాదుగా. రక్తం పల్చబరిచే మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపేసుకుని రావడం మన దగ్గర మామూలు. అది ప్రమాదం. క్లీనింగ్‌లో వచ్చే రక్తాన్ని నొక్కిపట్టి ఆపుకోవచ్చు. మందు ఆపితే మెదడులోనో గుండెలోనో గడ్డకట్టిన రక్తాన్ని అలా ఆపలేం.

ఆ తర్వాత చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. పళ్లకి బీపీ ఏమిటని అమ్మ ఆశ్చర్యపోయింది. 180/110 దాటితే ఆ రోజు పళ్ల పని వాయిదా వేసి ముందు ఫిజీషియన్ దగ్గరికి పంపుతారు. తనకి బీపీ ఉందని పళ్ల డాక్టరు కుర్చీలోనే తెలుసుకున్నవాళ్లు ఎందరో.

షుగర్ దగ్గర ఎక్కువసేపు ఆగింది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంతని అడిగింది. ఫైల్లో 8.4 అని ఉంది. షుగర్‌కీ చిగుళ్ల జబ్బుకీ పొత్తు రెండువైపులా నడుస్తుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే చిన్న రక్తనాళాలు దెబ్బతింటాయి, తెల్లకణాల పనితనం తగ్గుతుంది, పుండు మానడం ఆలస్యమవుతుంది. చిగుళ్ల లోతుల్లో నెలల తరబడి ఉండే వాపు ఇటునుంచి ఇన్సులిన్ పనికి అడ్డం పడుతుంది. చిగుళ్లకి సరైన చికిత్స చేస్తే మూడు, నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గుతుందని అనేక పరిశీలనల్ని కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. 0.4 చిన్నదే. అయినా కొన్నిసార్లు ఇంకో మాత్ర చేర్చితే వచ్చే ఫలితానికి అది దగ్గర. షుగర్ క్లినిక్కుల్లో కాళ్లు చూస్తారు, కళ్లు చూపించుకోమంటారు. "చిగుళ్లు చూపించుకున్నారా" అన్న మాట నేనింతవరకూ ఒక్కచోటా వినలేదు.

అప్పుడు గానీ నోరు తెరవమనలేదు. తెరవమన్నాక కూడా ముందు పళ్లు చూడలేదు. మెడ రెండువైపులా, దవడ కింద వేళ్లతో తడిమి గడ్డలేమైనా ఉన్నాయా అని చూసింది. చెవుల ముందు వేళ్లుంచి నోరు తెరిచి మూయమని, దవడ కీలు టక్కుమంటోందా అని విన్నది. తర్వాత అమ్మ మూడు వేళ్లనే నిలువుగా పేర్చి నోట్లో పెట్టుకోమంది. మూడూ పట్టాయి. పట్టకపోతే అది పెద్ద వార్త.

వక్క, గుట్కా నమిలేవాళ్ల బుగ్గల లోపలి పొర మెల్లమెల్లగా బిగుసుకుపోతుంది. వక్కలోని రసాయనాలు కొల్లాజెన్‌ని పెంచుతూ, కరగనివ్వకుండా చేస్తాయి. మెత్తగా ఉండాల్సిన బుగ్గ లోపల తాళ్లలాంటి పట్టీలు తగులుతాయి. మొదటి గుర్తు మనకి బాగా తెలిసిన మాటల్లోనే వస్తుంది: "కారం తినలేకపోతున్నానండీ, నోరంతా మంట." ఆవకాయ మానేసి పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నాడంటే ఇంట్లోవాళ్లు అల్సర్ అనుకుంటారు. నాలుగేళ్లకి నోట్లో రెండు వేళ్లు కూడా పట్టవు. ఈ జబ్బు కొందరిలో కేన్సర్‌గా మారుతుంది. పాతికేళ్లు నిండని కుర్రాళ్లలో దీన్ని పట్టుకునేది చాలాసార్లు పళ్లు చూసే ఈ తొలి పరీక్షే.

నాలుకని గుడ్డముక్కతో పట్టుకుని అటూ ఇటూ లాగి అంచులు చూసింది. నాలుక కింద చూసింది. చివరికి అద్దం తిప్పి అంగిలి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన పెద్దవాళ్లయితే అంగిలి దగ్గర చూపు ఇంకాస్త ఆగుతుందని చెప్పింది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, చాలాకాలం ఉంది. అడ్డపొగ అంటారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ప్రపంచంలో మిగతా చోట్ల అంగిలి కేన్సర్ అరుదు, అక్కడ అరుదు కాదు. 1971లో అచ్చయిన ఒక పరిశోధనలో మెహతా, పిండ్‌బోర్గ్ బృందం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు తెరిపించి చూసి, అడ్డపొగకీ అంగిలి మీది మచ్చలకీ ఉన్న సంబంధాన్ని నమోదు చేసింది. అద్దం, దీపం, రెండు నిమిషాలు ఉంటే చాలు ఈ పరీక్షకి. రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఏది కనబడినా ముక్క తీసి పరీక్షకి పంపాల్సిందే.

అప్పటికి పళ్ల వంతు వచ్చింది. ప్రపంచంలో చాలాచోట్ల వాడే పద్ధతిలో ప్రతి పంటికీ రెండంకెల పేరు. నోటిని నాలుగు భాగాలు చేసి, ఏ భాగమో ఆ అంకె ముందు, మధ్యనుంచి ఎన్నో పన్నో ఆ అంకె తర్వాత. ఫోర్ సిక్స్ అంటే కింద కుడివైపు, మధ్య నుంచి ఆరోది, మనం నమిలే మొదటి పెద్ద దవడపన్ను. అమ్మకి 27 పళ్లున్నాయి.

"చిన్నప్పుడు ఎక్కడ పెరిగారమ్మా?" అని ఉన్నట్టుండి అడిగింది.

"కనిగిరి దగ్గర. ఎందుకు తల్లీ?"

"పళ్లు చెబుతున్నాయి."

అమ్మ ముందుపళ్ల మీద లేత గోధుమ రంగు చారలున్నాయి. చిన్నప్పటినుంచీ ఉన్నాయి. ప్రతి క్లీనింగ్‌లో అవి పోతాయేమోనని ఆశపడేది, ప్రతిసారీ నిరాశపడేది. అవి పైన పట్టిన మరకలు కావు. పంటి పింగాణీ తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా తాగితే ఆ పొర గట్టిపడడంలో లోపం వస్తుంది. సన్నటి రంధ్రాలతో పుట్టిన ఆ పింగాణీలోకి తర్వాత రంగు ఇంకుతుంది. గార తీసే మిషను దాన్ని తాకలేదు. తోమి తోమి పోగొట్టాలని చూస్తే ఉన్న పింగాణీ అరిగిపోతుంది. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బుని మొదటిసారి వైద్య పత్రికలో వివరించింది 1937లో, ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి. షార్ట్ అనే వైద్యుడి బృందం చూసింది అప్పటి నెల్లూరు జిల్లాలోని మెట్ట పల్లెల జనాన్నే. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన ఆ ప్రాంతమే అమ్మ పుట్టిల్లు. తర్వాతి కాలంలో నల్లగొండ పేరు ఈ జబ్బుకి మారుపేరైంది. నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికి కూడా నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. అరవై ఏళ్ల కిందట ఏ బావి నీళ్లు తాగిందో అమ్మ మరిచిపోయింది గానీ ఆమె పళ్లు మరిచిపోలేదు. ఆ రోజు కుర్చీలో ఆ మాట విన్నాక, అన్నాళ్లుగా పళ్లు సరిగ్గా తోముకోననే తన మీద తాను వేసుకున్న నింద కొంచెం దిగింది. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి మా అమ్మ.

ఇక ఆ కొలబద్ద.

ప్రోబ్ అంటారు. చూడ్డానికి మొన విరిచిన దబ్బనంలా ఉంటుంది. చివర మొద్దుగా, అర మిల్లీమీటరు మందంతో, ఒంటి మీద మిల్లీమీటర్ల గీతలు. ప్రతి పన్ను చుట్టూ చిగురు ఒక కాలరులా ఉంటుంది. కాలరుకీ మెడకీ మధ్య ఉన్నట్టే, చిగురుకీ పంటికీ మధ్య సన్నటి సందు. ఆరోగ్యంగా ఉంటే ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. ప్రోబ్‌ని ఆ సందులో దించి, పంటిని ఆనుకుని నడిపిస్తూ బుగ్గ వైపు మూడు చోట్ల, నాలుక వైపు మూడు చోట్ల కొలుస్తారు. పంటికి ఆరు కొలతలు. అమ్మ 27 పళ్లకి 162.

ఎంత బలంతో నొక్కాలన్నది ఈ విద్యలో కీలకం. 20 నుంచి 25 గ్రాములు. మూడు పదిరూపాయల బిళ్లల బరువు దాదాపు అంతే. గోరు కింద గుచ్చి చూసుకుంటే నొప్పి తెలియకుండా గోరు అంచు తెల్లబడాలి, అంతే. విద్యార్థులు చిన్న తక్కెడ మీద ప్రోబ్‌ని నొక్కుతూ చేతికి ఆ బరువు అలవాటు చేసుకుంటారు. ఎందుకంటే ప్రోబ్ చూపించేది లోతు ఒక్కటే కాదు, ఆ లోతు దగ్గర కణజాలం ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందన్నది కూడా. సందు అడుగున చిగురు పంటికి అంటుకునే పొర ఒకటి, దాని కింద కొల్లాజెన్ పోగులు. ఆరోగ్యంగా ఉన్నచోట ఆ పోగులు మొనని ఆపేస్తాయి. వాపు ఉన్నచోట పోగులు కరిగిపోయి ఉంటాయి కాబట్టి అదే బలానికి మొన ఇంకా కిందికి జారుతుంది. గట్టినేల మీదా బురదనేల మీదా ఒకే కర్ర గుచ్చినట్టు. వాపు తగ్గితే పోగులు మళ్లీ అల్లుకుంటాయి, చిగురు బిగుస్తుంది, అంకె తగ్గుతుంది. ఈ చిన్న కడ్డీ మీద ఆశంతా దీనివల్లే.

లోతొక్కటే రాస్తే మోసపోతాం. చిగురు పైకి ఉబ్బినా లోతు పెరుగుతుంది, చిగురు కిందికి జారితే లోతు తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకని పింగాణీ ముగిసే గీత నుంచి చిగురు ఎంత దిగిందో కూడా కొలిచి కూడతారు. ఫోర్ సిక్స్ దగ్గర చిగురు ఒక మిల్లీమీటరు దిగి, అక్కడినుంచి ఆరు లోతు ఉంది. అంటే పంటిని పట్టుకుని ఉండాల్సిన కట్టు ఆ మూల ఏడు మిల్లీమీటర్లు తెగిపోయింది. ఇంత జరిగినా నొప్పి లేదు. ఇది నరం మీద పడే జబ్బు కాదు, పునాది మెల్లగా కరిగే జబ్బు. చిత్రమేమిటంటే ఆ ఎముకని కరిగించేది బ్యాక్టీరియా ఒక్కటే కాదు. దాన్ని తరమాలని నెలల తరబడి వాపు పెట్టుకునే మన శరీరమే, ఆ పోరులో తన ఎముకని తానే తీసేసుకుంటుంది.

ప్రోబ్ తీశాక ఆమె కొన్ని సెకన్లు ఆగి చూసేది. సన్నటి రక్తపు చుక్క కనబడితే ఎర్ర చుక్క పెట్టించేది. 162 చోట్లలో 71 చోట్ల రక్తం. వందకి 44. పది లోపుంటే చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు, ముప్పై దాటితే వాపు నోరంతా ఉన్నట్టు లెక్క. రక్తం వచ్చిన ప్రతిచోటా జబ్బు ముదురుతుందని చెప్పలేం. మళ్లీ మళ్లీ చూసినా రక్తం రాని చోటు మాత్రం నిలకడగా ఉందని ధైర్యంగా నమ్మొచ్చు. పొగ తాగేవాళ్ల దగ్గర ఈ గుర్తు అబద్ధమాడుతుంది. పొగాకు చిగుళ్లలో రక్తం రావడాన్ని అణిచేస్తుంది. కాబట్టి "నాకెప్పుడూ రక్తం రాదండీ" అని బీడీ కాల్చే మనిషి చెబితే హైజీనిస్టు ఇంకొంచెం జాగ్రత్తగా కొలుస్తుంది.

తర్వాత దూదితో పళ్లకి గులాబీ రంగు మందు పూసి, పుక్కిలించమని, అద్దం అమ్మ చేతికిచ్చింది. పాచి ఉన్నచోట రంగు నిలిచిపోయింది. ముందువైపు పళ్లు శుభ్రంగా ఉన్నాయి. లోపలివైపు, నాలుక పక్కన, పళ్ల సందుల్లో అంతా గులాబీ. పంటికి నాలుగు ముఖాల చొప్పున 108లో 65కి రంగు పట్టింది. వందకి అరవై. అమ్మ అద్దంలో చూసుకుని కాసేపు మాట్లాడలేదు. రోజూ రెండుపూటలా తోముకునే మనిషి.

"తోముతున్నారమ్మా, బాగానే తోముతున్నారు. కనబడేచోటే తోముతున్నారు" అంది ఆ అమ్మాయి. నాకు ఆ మాట చాలా నచ్చింది. తప్పు పట్టకుండా తప్పు చూపించింది.

పాచి అంటే అన్నం మెతుకులు కాదు. పంటికి అంటుకుని కాపురం పెట్టిన సూక్ష్మజీవుల పొర. పాచే చిగుళ్ల వాపుకి కారణమని తేల్చిన ప్రయోగం చాలా సరళంగా ఉంటుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లో బృందం ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మందిని పళ్లు తోముకోవడం మానేయమంది. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టగానే వారం రోజుల్లో మామూలయ్యాయి. అంతే ప్రయోగం. ఆ దశలో ఉన్న వాపు పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. ఎముక పోయాక మాత్రం తిరగదు. తొలి పరీక్ష ముఖ్యంగా తేల్చాల్సింది, మనిషి ఈ రెండిట్లో ఏ ఒడ్డున ఉన్నాడన్నదే.

పాచిలోకి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు చేరి గట్టిపడితే గార. కింది ముందుపళ్ల వెనకాల, పైదవడపళ్ల బుగ్గవైపు ఎక్కువగా పట్టడానికి కారణముంది. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది సరిగ్గా అక్కడే. ఉప్పునీళ్లు పడే కుళాయి మూతికి తెల్లటి పొర కట్టినట్టు. గార తానుగా చిగురుని కొరకదు. గరుకుగా, గుల్లగా ఉండే దాని ఒంటిమీద కొత్త పాచి నిలుస్తుంది, బ్రష్షు దాన్ని ఊడ్చలేదు.

నోరు శుభ్రంగా ఉంచడాన్నే ఒక వృత్తిగా మలిచిన మనిషి అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఉండేవాడు. పేరు ఆల్ఫ్రెడ్ ఫోన్స్, దంతవైద్యుడు. పాడైన పళ్లు పీకడం కన్నా పాడవకుండా చూడడం మేలని, 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కి పళ్లు శుభ్రం చేయడం నేర్పాడు. 1913లో ఆ పనికోసమే ఒక బడి పెట్టాడు. అందులో చదువుకున్నవాళ్లు ఊళ్లోని స్కూళ్లకి వెళ్లి పిల్లల పళ్లు చూశారు. 1917లో న్యూమన్ లైసెన్సు పొందిన మొట్టమొదటి డెంటల్ హైజీనిస్టు అయింది. ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు పళ్లకని వెళ్తే ఎక్కువసేపు కూర్చునేది హైజీనిస్టు ముందే, డాక్టరు చివర్లో వచ్చి చూసి వెళ్తారు. మన 1948 నాటి దంతవైద్యుల చట్టం కూడా హైజీనిస్టుల్ని గుర్తించింది, వాళ్లకి రిజిస్ట్రేషన్ పెట్టింది. రెండేళ్ల డిప్లొమా చదువు. చట్టంలో ఉన్న ఆ మనిషి మన ఊళ్ల క్లినిక్కుల్లో కనబడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. పల్లె నుంచి వచ్చిన పెద్దామెని ముప్పావుగంట కూర్చోబెట్టి అడిగి, తడిమి, కొలిచి, అద్దం చేతికిచ్చే ఓపిక ఒక వృత్తిగా ఉండాలి. రోజుకి నలభై మందిని చూడాల్సిన డాక్టరు దగ్గర అది దొరకడం కష్టం.

చివరగా ఎక్స్‌రేలు. ఒక్కో చిన్న ఎక్స్‌రేకి అందే రేడియేషన్ కొద్ది మైక్రోసీవర్టులే. ప్రకృతి నుంచి మనకి ఏడాదికి సగటున అందే 2,400తో పోలిస్తే అది చాలా స్వల్పం. ప్రోబ్ ఎముకని చూడలేదు, ఎక్స్‌రే చిగురుని చూడలేదు. రెండూ పక్కపక్కన పెట్టి డాక్టరు జబ్బుకి పేరు పెట్టారు. 2017లో షికాగోలో జరిగిన సదస్సులో ఒప్పుకున్న పద్ధతి ప్రకారం, ఎంత నష్టం జరిగిందో చెప్పేది స్టేజి, ఎంత వేగంగా జరగొచ్చో చెప్పేది గ్రేడు. అమ్మది స్టేజ్ 3, గ్రేడ్ సి. హెచ్‌బీఏ1సీ 7 దాటినందుకే ఆ సి. రోజుకి పది సిగరెట్లు తాగేవాళ్లకీ అదే అక్షరం. పంటి జబ్బు పేరులోకి షుగర్ అంకె వచ్చి చేరడం చూసి, మొదటి పావుగంట ప్రశ్నలు వృథా కాలేదని నాకు అప్పుడర్థమైంది.

క్లీనింగ్ ఆ రోజు జరగలేదు. తర్వాతి రెండు వారాల్లో నాలుగుసార్లుగా, మత్తిచ్చి, వేరు లోతుల్లోని గార తీశారు. పళ్ల మధ్య తోముకునే బుల్లి బ్రష్షులిచ్చి, ఎలా వాడాలో అమ్మచేతే చేయించారు. అయిపోయాక అమ్మ భయపడింది. "సందులొచ్చాయే! పళ్లు వదులైనట్టున్నాయి." ఈ మాట ప్రతి ఇంట్లోనూ ఉంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని జనం దూరంగా ఉండేది దీనివల్లే. అప్పటిదాకా ఆ సందుల్ని నింపింది గారా, ఉబ్బిన చిగురూ. గార పోయింది, వాపు దిగి చిగురు తన అసలు చోటుకి వచ్చింది. సందు ముందునుంచీ ఉన్నదే, ఇప్పుడు కనబడింది. ముందే అంకెలు రాసి చూపించి ఉంటే ఈ భయం సగం ఉండదు. పావుగంట క్లీనింగ్‌లు ఊరంతా పెంచి పోషిస్తున్న అపోహ ఇది.

ఎనిమిది వారాల తర్వాత మళ్లీ కొలతకి పిలిచారు. అంతకన్నా ముందు కొలిస్తే లోపల ఇంకా అతుక్కుంటున్న పోగుల్ని చెదరగొట్టినట్టవుతుంది. అదే కుర్చీ, అదే అమ్మాయి. అమ్మ ఈసారి కళ్లు తెరుచుకునే ఉంది. నోట్లో అద్దం ఉండగా మాట్లాడలేక వేలితో కింద కుడివైపు చూపించింది. అక్కడికెళ్లమని.

"ఫోర్ సిక్స్... త్రీ, త్రీ... ఫోర్."

విద్యార్థి నల్లపెన్నుతో రాశాడు, పాత ఎర్ర ఆరుకి సరిగ్గా కింది గడిలో. అమ్మ కనుబొమలు పైకి లేచాయి.

ఎడమవైపు చివరిపన్ను దగ్గరికొచ్చేసరికి "సెవెన్" అంది. మొదటిసారి కూడా అక్కడ ఏడే. రక్తం చుక్క మళ్లీ వచ్చింది. డాక్టరు వచ్చి ఎక్స్‌రే లైటు మీద పెట్టి, ఆ పంటి రెండు వేర్ల మధ్య ఎముక కరిగిన చోటు చూపించారు. పరికరం మొన అక్కడికి పైనుంచి చేరదు, చిగురు తెరిచి శుభ్రం చేయాలి, షుగర్ ఏడు దగ్గరికి వచ్చాక చేద్దాం అన్నారు. గురువారానికి హెచ్‌బీఏ1సీ పరీక్ష రాసిచ్చారు.

లేచి చెప్పులేసుకుంటూ అమ్మ ఆ చార్టు ఇమ్మని అడిగింది. ఇవ్వరు, ఫొటో తీసుకోవచ్చన్నారు. తన ఫోన్లోనే తీయమంది.